పండుగ లేని రోజు జాజు

నాకు రాయడం అంతగా రాదు... తప్పులుంటే ఏమనుకోకండి.

మా చిన్నప్పుడు... ఇబ్రహీంపట్నం దగ్గర మా ఊళ్ళో పండుగ వస్తుందంటే ఇంటింటికీ జాజు పూసేవారు. ఆ ఎర్రమట్టిని నీళ్ళలో నానబెడితే చిక్కటి మెరూన్ రంగు వచ్చేది. గడపకు, అరుగుకు, సున్నం గోడలకు అడుగున అదే రంగు. నాయనమ్మ పాతగుడ్డ ముంచి పూస్తుంటే, వెనకే నేను ముగ్గు చుక్కలు పెట్టేదాన్ని.

ఒకసారి పండుగ లేకుండానే పూశాం.

ఇల్లు పంచుకునే దగ్గర బాపుకూ, అంటే మా నాన్నకూ, ఆయన తమ్ముడు చిన్నబాపుకూ మాట పెరిగింది. బాపు చిన్నబాపును చెంప మీద కొట్టాడు. చిన్నబాపు గొడ్డలి తిరగేసి బాపు నెత్తి మీద వేశాడు. కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడు... తెల్లటి గోడ మీద రక్తం చిమ్మింది. బాపు గోడకు రాసుకుంటూ కిందికి జారిపోయాడు. చిన్నబాపు మళ్ళీ గొడ్డలి ఎత్తాడు. అమ్మ ఉరికి ఆ చేతిని పళ్ళతో పట్టుకుంది. గొడ్డలి కింద పడ్డాక గానీ వదల్లేదు.

అమ్మ బాపును ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. నాయనమ్మ కదల్లేదు.

"ఒక కొడుకు దవాఖానల, ఇంకో కొడుకు జైల్లనా... జాజు కలుపు బిడ్డా."

రక్తం ఆరకముందే గోడంతా పూసేశాం. నా చేతుల మీద ఏది జాజో, ఏది బాపు రక్తమో తెలియలేదు.

ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, పోలీసాయన వచ్చాడు. తడి గోడ వైపు చూశాడు.

"ఏం పండుగనే ముసలమ్మా, ఇయ్యాల జాజు పూసినవ్?"

నాయనమ్మ నా రెక్క పట్టి మూలన కూర్చోబెట్టింది.

"మనుమరాలు పెద్దమనిషైంది సారూ. రేపు చుట్టాలొస్తరు, గోడలు మంచిగుండొద్దా? జర దూరం నిలబడు."

"మరి నీ కొడుకు నెత్తి ఎట్ల పగిలింది?"

"ఇంటి మీద గూన పెంకలు సదురబోయి కింద పడ్డడు."

ఆయన నా వైపు చూడలేక బయటికి నడిచాడు. నాయనమ్మ కబురు అందాక దవాఖానలో బాపు కూడా అదే చెప్పాడు.

అబద్ధం నిలబడాలి గదా... చుట్టాలను పిలిచి నాకు స్నానం పోశారు. పెద్దమనిషైన పిల్లను మా ఇంట్లో బడికి పంపరు. "నేను కాలేదు గదనే" అని ఏడిస్తే అమ్మ నా నోరు మూసింది. చిన్నబాపు పట్టు లంగా తెచ్చి చాప మీద పెట్టాడు, నా మొహం చూడలేదు.

నిజంగా అయిన రోజు బయట ఎవరికీ చెప్పలేదు. అమ్మ తలుపేసి, చేతిలో పాతచీర ముక్క పెట్టింది. అంతే.

ఇప్పుడు మా ఊళ్ళో అన్నీ డబ్బా రంగులే... జాజు తెచ్చేవాళ్ళే లేరు. మీ ఇళ్ళలో ఎవరు పూసేవారో రాయండి. ఈ పోస్టు మాత్రం చదివి వదిలేయండి, ఎవరికీ పంపకండి. రేపటికి నేనూ తీసేస్తాను. చిన్నబాపు బిడ్డలు చూస్తే బాధపడతారు... ఇద్దరూ పట్నంలో చదువుకుంటున్నారు.