పూలమ్మ పీకిన వంకాయ చెట్టు

మా ఊళ్లో కాకి చచ్చినా కరెంటు ప్లాంటు బూడిద వల్లే చచ్చిందంటారు. బూడిద మంచిదని నేను అనను, రోజూ మా అరుగు తుడిచేది నేనే. కానీ ప్రతి పాపమూ దాని నెత్తిన రుద్దితే మన పాపాలు ఎవరు మోయాలి?

పక్కింటి పూలమ్మ భర్త బిక్షం బొగ్గుబావిలో డ్యూటీ చేస్తాడు. ఆయన జీతం ఇంటిది, వంకాయ తోట మాత్రం ఆమెది. నాదీ అని చెప్పుకోవడానికి ఆమెకున్నది అదొక్కటే. ఎండాకాలంలో ఆ తోట పొద్దున నిగనిగలాడి మధ్యాహ్నానికి తల వాల్చేసేది. నీళ్లు పెట్టింది, మందు కొట్టింది, తేరుకోలేదు. ఊళ్లో సగం తోటలదీ అదే గతి.

ఊరందరికీ నారు పోసేది రాయమల్లు. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. నారు అమ్ముకోవడం మా దగ్గర పరువు తక్కువ, ఊరికే పంచుతాడు. బూడిదతోనే తోటలు ఎండాయని, నష్టపరిహారం ఇవ్వాలని ప్లాంటు గేటు ముందు ధర్నా పెట్టించిందీ ఆయనే. ఎండిన చెట్లు తలా ఒకటి తెమ్మన్నాడు. పూలమ్మ కోపంకొద్దీ ఒకటి వేర్లతో సహా పీకింది. వేర్ల నిండా బుడిపెలు, అల్లం కొమ్ముల్లా. అనుమానంతో దాన్ని వ్యవసాయాధికారి రెజీనాకు చూపించింది.

“బూడిద కాదక్కా, నులిపురుగు. కంటికి కానరాదు, వేర్లల్ల దూరి బతుకుతది. నారుతోటి వచ్చినట్టుంది. ఆ మడి నారు ఆపాలె. చెట్లన్ని వేర్లతోటి పీకి కాలవెట్టు, ఒక పంట బంతి వెయ్యి. మొత్తం పోదు గని తగ్గుతది.”

పూలమ్మ ఆ మాటే పోయి రాయమల్లుకు చెప్పింది. నేనూ వెంట ఉన్నాను.

“జర మెల్లగ మాట్లాడు బిడ్డ. గేటు కాడ నవ్వులపాలైతం. వేర్లు కోసేసి పైది పట్టుకరా.”

నాకు ఒళ్లు మండిపోయింది. బతుకంతా భూమి లోపల పనిచేసిన మనిషి, భూమి లోపల ఏముందో చూడొద్దంటాడు.

“వేర్లు కోస్తె రోగం పోతదా కాక?” అంది పూలమ్మ.

ధర్నాకు వేర్లు కోసిన చెట్లే వెళ్లాయి. పూలమ్మ వెళ్లలేదు. ఊరి నోట్లో మట్టి కొట్టిందని ఆమెతో మాటలు మానేశారు. తన తోటను తానే పీకి, కాల్చి, వానలు పడగానే బంతి వేసింది. అవే వానలకు రాయమల్లు అదే మడిలో నారు పోసి మళ్లీ పంచాడు. సిగ్గన్నా ఉండాలి కదా మనిషికి.

బతుకమ్మ పండుగ వచ్చింది. ఊళ్లో బంతి విరగబూసింది పూలమ్మ చేలోనే. మాటలు మానేసిన వాళ్లంతా గంపలతో దిగారు, అందరికంటే ముందు రాయమల్లు భార్య సారవ్వ.

పూలమ్మ ఆమె చేతిలోని గంప తీసుకుని పక్కన పెట్టింది.

“పూలు గంపెడు ఇస్త అవ్వ. ముందుగాల మీ వంకాయ చెట్టొకటి పీక్కొని రా. వేర్లు కొయ్యకు.”