చాచీ దాచిన ముడుపు

పోయిన మంగళవారం పొద్దున్నే మా గేటు ముందు స్కూటర్ ఆగింది. చూస్తే చాచీ కొడుకు. లోపలికి రమ్మన్నా రాలేదు. "మమ్మీ రాత్రి మనల్ని వదిలి వెళ్ళిపోయింది ఆంటీ. మీరు ఒకసారి రావాలి. మీ చేత్తోనే చెయ్యాల్సిన పని ఒకటుందని చెప్పింది" అన్నాడు. చెప్పులేసుకుని స్కూటర్ వెనక కూర్చున్నాను. వాళ్ళు రిటైరయ్యాక కట్టుకున్న ఇల్లు లింగియాడీహ్‌లో. దారంతా ఆ పని ఏమై ఉంటుందా అనే ఆలోచన. ఎంత వద్దనుకున్నా మనసు పోయి ఒక్కచోటే ఆగింది.

చాచీ అంటే మాకేం చుట్టం కాదు, గోడకవతలి సిక్కుల ఆవిడ, సర్దార్నీ. ఆవిడ భర్త గూడ్స్ డ్రైవరు, మా ఆయన వర్క్‌షాప్‌లో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి కొత్త కోడలిగా ఈ బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌కి వచ్చినప్పుడు నాకు హిందీ ముక్క రాదు. బుధవారీ బజారుకు తీసుకెళ్ళి కూరగాయల వాళ్ళతో దెబ్బలాడటం నేర్పింది చాచీయే. తన తెలుగు మాత్రం మా అత్తగారి దగ్గర నేర్చుకుంది. అందుకే పంజాబీ మనిషి నోట్లోంచి "ఏటే కోడలా, కూరేటి ఇయ్యాల?" అని వస్తుంటే మా ఊరి నుంచి వచ్చిన చుట్టాలు పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఆవిడా వాళ్ళతో కలిసి నవ్వేది.

ఆదివారం వస్తే పెరట్లో మంచం వాల్చి కొడుక్కి తలంటేది. పెరుగు పట్టించి, కడిగి, ఎండలో ఆరబెట్టి, చెక్క దువ్వెనతో చిక్కు తీసేది. రాలిన వెంట్రుకనైనా కాలికింద పడనిచ్చేది కాదు. "మా ఇళ్ళల్లో ఆడపిల్లలకే ఇంత సేవ లేదు చాచీ" అని ఆట పట్టించేదాన్ని. "నోర్మూసుకో, దిష్టి తగుల్తాది" అనేది.

మా వాడి పుట్టువెంట్రుకలకి సింహాచలం వెళ్తే చాచీ కూడా వచ్చింది. మంగలి కత్తి పెట్టగానే మొహం తిప్పుకుంది. తిరిగొచ్చేటప్పుడు రైల్లో అడిగింది, ఎందుకు తీసేస్తారని. ముద్దుగా పెంచుకున్నది దేవుడికిస్తాం అన్నాను. "అచ్ఛా. మీరు తీసి ఇత్తారు, మేం దాసి ఇత్తాం. రెండూ ఇచ్చుకోడమే కదే" అంది. ఇంత బాగా నాకు ఏ పురాణంలోనూ ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత ఎనభై నాలుగు వచ్చింది. ఈ దేశానికి అదేం సంవత్సరమో! వేసవిలో మనవాడు అంతరిక్షంలోకి వెళ్ళాడని లైనంతా లడ్డూలు పంచుకున్నాం. జూన్‌లో అమృత్‌సర్ గుడిలోకి సైన్యం వెళ్ళిందని విన్న రోజు చాచీ పొయ్యి వెలిగించలేదు. మేం వెలిగించుకున్నాం. ఏమైందని అడగనైనా అడగలేదు, అడిగితే ఏం మాట్లాడాలో తెలియక. అక్టోబరు ఆఖర్న రేడియోలో ప్రధానమంత్రిని చంపేశారన్న వార్త వచ్చింది. చంపింది సర్దార్లేనని, అందుకు ఢిల్లీలో సర్దార్లని వెతికి తగలబెడుతున్నారని కబుర్లు ఒక్కో రైలుతో ఒక్కొక్కటీ దిగసాగాయి. డ్యూటీకి వెళ్ళిన చాచీ భర్త ఎక్కడ చిక్కుకున్నాడో తెలియదు.

ఒక సాయంత్రం లాల్‌ఖదాన్ వైపు నుంచి జనం వస్తున్నారని ఎవరో అన్నారు. మా క్వార్టర్లన్నీ ఒకే గోడ మీద నిలబడ్డవి. ఒకదానికి నిప్పంటితే అన్నీ అంటుకుంటాయి. మా ఆయన, లైనులో మరో ఇద్దరు పెద్దలు కలిసి చాచీ ఇంటికి వెళ్ళారు. వెనకే అత్తగారు, నేను. ఎనిమిదో తరగతి చదువుతున్న పిల్లాడి తల చూస్తే ఎవరైనా గుర్తుపడతారు, తీయించేస్తే నయం అన్నారు. భయం వాడి కోసమా, మా గోడ కోసమా అని ఎవరైనా నిలదీసి ఉంటే ఏం చెప్పేవాళ్ళమో!

అత్తగారు మంచి మనసుతోనే అంది: "జుత్తే కదేటి సర్దార్నమ్మా. మేం అప్పన్నకివ్వమేటి? మల్లీ మొలుత్తాది."

చాచీ ఆవిడ వైపు చూడలేదు. నా వైపు చూసింది. "మీరు దేవుడికిత్తారు. నేనిప్పుడెవరికిత్తన్నానే?"

ఆ ప్రశ్న విన్నాక కూడా లేచి ఇంటికి పోకుండా అక్కడే నిలబడ్డామే, అందుకు ఈరోజుకీ సిగ్గుతో చచ్చిపోతున్నాను. చివరికి ఆవిడే, "మంగలోడొద్దు. నువ్వే తియ్యి" అంది. నా కుట్టుపని కత్తెరతో తీశాను. వాడు ఏడవలేదు. ఆ జుట్టు నేల మీద వదలడానికి చేతులు రాక, ఇంట్లోంచి పసుపు గుడ్డ తెచ్చి, మొక్కుకి ముడుపు కట్టినట్టు కట్టి ఆవిడ ఒళ్ళో పెట్టాను. చేతనైంది అంతే.

ఆ రోజు ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. ఎప్పుడూ రాలేదు. చాచీ గుమ్మంలోకి వచ్చిందల్లా మేమే.

నాలుగు రోజులకి ఆవిడ భర్త ఇల్లు చేరాడు. తోటి గార్డు, గూడ్స్ చివరుండే తన బ్రేక్ వ్యాన్‌లో దాచి తీసుకొచ్చాడట. బోడిగుండు లాంటి కొడుకు తల చూసి గుమ్మంలోనే కూలబడిపోయాడు. ఎవరు తీశారని అడిగితే చాచీ "నేనే" అందట. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

డిసెంబరులో భోపాల్‌లో గ్యాస్ లీకై జనం చచ్చిపోయారని తెలిసినప్పుడు, ఇంటింటికీ తిరిగి దుప్పట్లు అడిగింది ఎవరనుకున్నారు? చాచీయే. "పాత బొంతలేటైనా ఉన్నాయేటమ్మా? పాపం, సలికాలం" అంటూ, తన ఇంటికొచ్చిన ఆ పెద్దల గుమ్మాలు కూడా తొక్కింది. అందరం ఇచ్చాం. కొత్తవి కూడా తీసిచ్చాం. ఆవిడ మొహం మాత్రం ఎవరమూ చూడలేదు.

తర్వాత ఇన్నేళ్ళూ కూరలు గోడ దాటాయి, నవ్వులూ దాటాయి. తప్పు చేశాం చాచీ అన్న మాట మాత్రం నా గొంతు దాటలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే గడిపేశాను. ఆవిడ ఆ ఊసెత్తలేదు కదా, మరిచిపోయి ఉంటుందని సర్దిచెప్పుకునేదాన్ని. మరిచిపోవాలని మాకుంది కానీ, ఆవిడకెందుకుంటుంది?

లింగియాడీహ్‌లో చాచీకి స్నానం చేయించి పడుకోబెట్టారు. కొడుకు ట్రంకు పెట్టె తెరిచి, అడుగునుంచి ఓ చిన్న మూట తీశాడు. ఇప్పుడు వాడికి నిండు తలపాగా, గడ్డం. "ఇది తనతోనే పంపమంది ఆంటీ. కట్టిన చెయ్యే పెట్టాలంది. ఆంటీని ఏమీ అనకు, పాపం దానికి అప్పుడు పాతికేళ్ళు కూడా లేవు అంది."

మూట అందుకున్నాను. ఆవిడ కుడిచెయ్యి కొంచెం ఎత్తి దాని కింద పెట్టాను. చెప్పాల్సిన మాట అప్పుడు వచ్చింది, వినాల్సిన మనిషి లేనప్పుడు. కబురు తెలిసి వచ్చిన మా లైను వాళ్ళందరూ గోడవారన నేల చూస్తూ నిలబడ్డారు. గుడ్డకి పసుపు ఎప్పుడో పోయింది. ముడి మాత్రం నేను వేసిందే, ఒక్కసారీ విప్పలేదు.