పక్కవాడికివ్వని బంతి

నా చిన్నప్పుడు మిర్యాలగూడలో మేము ఫుట్‌బాల్ నేర్చుకున్నది రైస్ మిల్లు కల్లంలో. ఉడకబెట్టిన వడ్లను ఆ సిమెంటు నేల మీద ఆరబోసేవారు. వడ్లు పరవని మూల మాది. బంతి గాల్లోకి లేచి వడ్ల మీద పడిందంటే ఆ పూటకు ఆట ఖతం. మిల్లులో వడ్లు తిరగదోసే కూలామె బంతిని చంకన పెట్టుకుని వెళ్లిపోయేది.

మా జట్టును నడిపే మా చిన్నాయన కావాలనే ఆ చోటు ఎంచుకున్నాడు. అక్కడ బంతిని నేల మీదుగా పక్కవాడికి ఇవ్వక తప్పదు. "లేపకుండ్రి. ఎవడు ఖాళీగున్నడో సూసి ఇయ్యుండ్రి" అనేవాడు. మా వీధి పెద్దలకేమో ఒక్క దెబ్బకు బంతి గోలు ముందర పడాలి. "పెండ్లి కార్డుల లెక్క ఒక్కొక్కనికి పంచుకుంట పోతరేందే?" అని ఆయన్ను ఆటపట్టించేవారు. చివరికి కోదాడ జట్టు మీద గెలిస్తేనే పిల్లలను ఆయన దగ్గర ఉంచుతామని, లేకపోతే బడి మైదానంలో పొడుగు బంతులు కొట్టించే ఇంకొకాయన దగ్గరికి పంపుతామని తేల్చేశారు.

కోదాడలో ఆట చివరిదాకా సమంగా సాగింది. అప్పుడు బంతి నా కాలికి దొరికింది. పక్కనే నా నేస్తం చెయ్యెత్తి ఒంటరిగా నిలబడ్డాడు. వాడికిస్తే గోలు వాడి పేరు మీద పోతుంది. నేను బలం కొద్దీ లేపి కొట్టాను. బంతి పోయి వాళ్ల గోల్‌కీపర్ చేతుల్లో పడింది. అక్కడి నుంచే వాళ్లు దూసుకొచ్చి గోలు వేశారు.

తిరుగు బస్సులో, పొద్దంతా లేపి కొట్టమని అరిచిన పెద్దలే నా మీదికి వచ్చారు. "పక్కోడు ఖాళీగుంటే నిన్నెవడు కొట్టుమన్నడ్రా?"

"నేనే కొట్టుమన్న. వాన్నేమనకుండ్రి" అన్నాడు చిన్నాయన.

"గట్లనా! నీ ఆట మీద నీకే నమ్మకం లేకపాయె" అని వాళ్లు నవ్వారు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. బస్సు దిగాక ఆయన బంతిని నా చేతికిచ్చి, "రేపు వస్తవా?" అని మాత్రం అడిగాడు. మరునాడు పిల్లలంతా బడి మైదానానికి పోయారు. సిగ్గుతో నేను ఎక్కడికీ పోలేదు. ఆయన మళ్లీ జట్టు కట్టలేదు.

మొన్న టీ కొట్టు దగ్గర ఫోన్లో ఏదో విదేశీ మ్యాచ్ చూస్తూ మావాళ్లు మళ్లీ అదే వాదనలో పడ్డారు. పొడుగు బంతా, చిన్న పాసులా? "మీ చిన్నాయన గూడ ఆఖరికి లేపి కొట్టుమన్నడు గదనే!" అన్నాడు ఒకడు. ఎన్నో ఏళ్లుగా ఆ మాటకు తలూపుతూ వచ్చాను. ఈసారి ఊపలేదు. ఆయన అనలేదని, కొట్టింది నా ఆశేనని చెప్పాను. ఆయన బతికుండగా చెప్పాల్సిన మాట.

ఇప్పటికీ బంతి గాల్లోకి లేస్తే అందరి తలలూ దానితోపాటు లేస్తాయి. నా కళ్లు మాత్రం కిందే ఉండిపోతాయి, పక్కన ఎవరు చెయ్యెత్తి నిలబడ్డారో వెతుక్కుంటూ.