కొత్త ఇంటి ముందు కానుగ

వానలు పడి అందరూ మొక్కలు కొంటున్నారు కనుక ఈ మాట ఇప్పుడే చెప్పాలి. మొక్కల పెంపకం నా వృత్తి. ఈ రోజు కొండపాకలో ఒక కొత్త ఇంటికి వెళ్లాను. ముంగిలి పడమటి వైపు ఉంది. ఇంటి పెద్దమ్మ మధ్యాహ్నమంతా అక్కడే కూర్చుని బీడీలు చుడుతుంది. నీడ కోసం నేను కానుగ నాటుదామన్నాను.

ఆమె కొడుకు ఒప్పుకోలేదు. "నూరువరహాల మొక్క పెట్టున్రి సార్. కానుగ పెరిగితే ఇంటి ఎలివేషన్ కనవడది."

పెద్దమ్మ ఒళ్లోని చేట దించింది. "ఎలివేషన్ నీకు, ఎండ నాకా బిడ్డా? పెట్టు సారూ!"

నూరువరహాలు పొట్టి పూలపొద, ఏళ్ల తరబడి చక్కగా పూస్తుంది, కానీ పడమటి ఎండను ఆపలేదు. అందుకే ఆమె చూపిన చోట కానుగే నాటాను. ఇంటి అందం చెడిందని ఎవరైనా అంటే నా పేరే చెప్పమన్నాను. మీరైతే ఏది నాటేవారు?

నీడ ఇచ్చేదాకా ఆ కొడుకు దాన్ని ఉండనిస్తాడో లేదో మాత్రం నాకు తెలియదు.