బడిని తోలిన డెమో క్లాసు

ఆ రోజుల్లో ఎం.ఏ. ఇంగ్లీషు చేతికొచ్చినవాడికి ప్రపంచం తనకోసమే ఆగి ఉందనిపించేది, నాకైతే మరీను. మాది తంబళ్లపల్లె దగ్గర గొర్రెలు మేపే ఇల్లు. పుంగనూరులో ఒక ప్రైవేటు స్కూలువాళ్లు డెమో క్లాసుకు పిలిస్తే, మా నాయన ఒకటే మాట చెప్పాడు: "ఉద్యోగమొస్తే సరి. రాకుంటే రేపట్నించి గొర్లెనక నువ్వే పోవాల. నా మోకాళ్లతో ఇంక కాదు." "రాక యాడికి పోతాది నాయనా!" అన్నాను.

డెమోలో చెప్పాల్సిన పాఠంలో 'డ్రోవ్' అనే మాట తగిలింది. గుంపు అని చెప్పి వదిలేస్తే సరిపోయేది. నేను వదిలే రకమా? అది 'డ్రైవ్' నుంచి పుట్టింది, అంటే తోలడం. నిలబడి మేసే పశువులు డ్రోవ్ కావు, తోలితేనే అవుతాయి. పోనుపోను జనం తండోపతండాలుగా వచ్చినా ఆ మాటే వాడారు, అని దంచాను. (రాయి చెక్కే వెడల్పాటి ఉలిని కూడా డ్రోవ్ అంటారని తర్వాతెప్పుడో డిక్షనరీలో చూసి, కుప్పంలో రాళ్లు కొట్టే మా మామకు చెబితే, "మేము ఉలి అనే అంటాం లేప్పా" అని ఊరుకున్నాడు.) పిల్లలు గుడ్లప్పగించి చూశారు. వెనక బెంచీలో కూర్చున్న స్కూలు యజమాని ఆవులించాడు. నాకు కళ్లముందు మా గొర్రెలు కనబడ్డాయి.

"లేయండి, బయటికి!" అన్నాను. మా మందకు ముందు ఎప్పుడూ ఒక మేక నడుస్తుంది; అది పోయిన చోటికి గొర్రెలు పోతాయి. అందుకని క్లాసులో చురుకైన పిల్లను ముందు నిలబెట్టి, నేను వెనక చేరి, అలవాటు కొద్దీ మా ఇంటి అరుపు అరిచాను. ఆ పిల్ల తిన్నగా గేటు దాటింది. (ఎక్కడ ఆగాలో దానికి చెప్పలేదు. మా మేకకు ఎప్పుడూ చెప్పే పని పడలేదు మరి.) మిగతాదంతా గొర్రెదాటే. గోల విని పక్క క్లాసులూ బయటపడ్డాయి. తండోపతండాల జనం అనే రెండో అర్థం నా ప్రమేయం లేకుండానే రుజువైంది. యజమాని చేతులు చాపి అడ్డం నిలబడితే ఆయన చంకల కింద నుంచి దూరిపోయారు. బస్టాండు దగ్గర నేను ఆ పిల్లను అందుకుని వెనక్కి తిప్పాను. బడంతా తిరిగింది.

"ఏమప్పా, పాఠం చెప్పమంటే బడిని తోలుకపోతాండావే!" అన్నాడాయన రొప్పుతూ. తర్వాత ఒక బుడ్డోణ్ణి ఆపి, "డ్రోవ్ అంటే ఏందిరా?" అని అడిగాడు.

"నిలబడుకోనుంటే కాదు సార్. తోలితేనే!"

ఆయన నా వైపు తిరిగి, "సోమారం నుంచి రా. గేటుకు బీగం నేనేస్తా" అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే నాయన కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, "గొర్లు తప్పుతాయనే గదప్పా నిన్ను సదివిచ్చింది!" అన్నాడు. తప్పలేదు, ఇప్పుడు మదనపల్లెలో బడిపిల్లల్ని తోలుతున్నాను. ఆ రోజు పొద్దున మాత్రం, గొర్రెల వాసన పట్టేస్తారేమోనని రెండుసార్లు సబ్బు రుద్దుకుని బస్సెక్కాను. ఉద్యోగం ఇప్పించింది ఆ వాసనే. అంత రుద్దుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. పాపం, అని కూడా అనిపిస్తుంది.