తెర తీయించిన మా పెద్దత్తగారు

మా పెద్దత్తగారు గిద్దలూరులో పోయారు. మనవరాలి పురుటికని వెళ్ళి, జ్వరం తగిలి, మళ్ళీ లేవలేదు. పొద్దుటి రైల్లో వచ్చిన మనిషి మా వాకిట్లో నిలబడి ఆ మాట చెప్పినప్పుడు నేను జొన్నలు చెరుగుతున్నాను. ఏడవాలని కూడా తోచలేదు. "శనివారం కచేరీకి వచ్చేస్తానన్నారే" అన్నాను. అతను నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు.

ఆవిడ మా అత్తగారికి స్వయానా అక్క. పక్కిల్లే. నేను కొమరోలులో నాలుగో తరగతి దాకా చదివి, ఈ ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. ఇలా పదిమంది చదివేలా రాయడం నాకిదే మొదలు. రాసేదాన్ని కాదేమో గాని, మా ఊరి సంగీత సభవారు ఆవిడ మీద చేసిన సంతాప తీర్మానం విన్నాక ఊరుకోవడం నావల్ల కాలేదు. "సభకు తల్లివంటివారు, సంగీతాభిమానులు, స్త్రీలకు ఆదర్శం" అని చదివారట. అందరూ లేచి రెండు నిమిషాలు నిలబడ్డారట. ఆ రెండు నిమిషాలు చూసి చెప్పింది మావారే. పలకల కంపెనీలో గుమాస్తా కనుక ఆయనకు చేతిగడియారం ఉంది.

ఆ తీర్మానం రాసింది సభ కార్యదర్శి ప్లీడరుగారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆయన ఆవిడను ఏమనేవారో నాకు తెలుసు. ఆవిడ ఆయన్ను ఏమనేవారో ఇంకా బాగా తెలుసు.

మా మార్కాపురంలో పలకల కంపెనీలవాళ్ళూ ప్లీడర్లూ భూములున్నవాళ్ళూ చందాలు వేసుకొని ఒక బడి కట్టారు. దాన్ని కాలేజీ అంటారు. చెప్పేది హైస్కూలు చదువే. కాలేజీ క్లాసులు ముందుముందు వస్తాయని పేరు మాత్రం ఇప్పుడే పెట్టుకున్నారు. "ఆలు లేదు చూలు లేదు, పేరు మాత్రం పెట్టుకున్యారు" అని పెద్దత్తగారు ఆ దారిన పోయిన ప్రతిసారీ అనేవారు. ఆ కాలేజీ హాల్లో కార్తీకం మొదలు మాఘం దాకా శనివారం సాయంత్రాలు కచేరీలు జరుగుతాయి. మద్రాసు నుంచీ బెజవాడ నుంచీ విద్వాంసులు వస్తారు. రైలు దిగి, ఎడ్లబండిలో దుమ్ము కొట్టుకుంటూ ఊళ్ళోకి చేరతారు. వచ్చినవారికి మొదట ప్లీడరుగారి ఉపన్యాసం వినిపిస్తారు. పాట కన్నా అదే పొడుగు.

మొదట్లో ఆడవాళ్ళకు హాల్లో చోటు లేదు. ఎడమవైపు వరండాలో గోనెగుడ్డ తెర కట్టి, దాని వెనక కూర్చోబెట్టేవారు. తెరలో చిరుగులుండేవి. ఎంత వంగి చూసినా పాడే మనిషి కనపడడు. కనపడేవి మగవాళ్ళ వీపులే. పెద్దత్తగారు ఆ వీపులను బట్టే మనుషులను గుర్తుపట్టేవారు. "నాకు రాగాల పేర్లు తెల్వవు కోడలా. తెలిసినట్టు తల ఊపేవాణ్ణి మాత్రం వీపు చూసి చెప్తా" అనేవారు. నిజమే. ముందు వరసలో ఒక పెద్దమనిషి తల ఊపేవాడు. ఊపి, పక్కవాడు చూశాడా లేదా అని చూసేవాడు. పక్కవాడు తొడమీద తాళం వేసేవాడు. అది తప్పుతున్నదని నాకే తెలిసేది. వెనకవాళ్ళు ఆ తప్పు తాళాన్నే భక్తిగా వేసేవారు. మృదంగం ఒక్కటే వాయించేటప్పుడు సగంమంది కాఫీకి లేచేవారు. మృదంగం వాయించేది తమకు దారి ఇవ్వడానికే అనుకునేవారో ఏమో.

ఆవిడ కాళ్ళు బారజాపుకొని, బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకొని కూర్చునేవారు. నచ్చని పాటకు నిద్రపోయేవారు. నచ్చని ఉపన్యాసానికి మాత్రం మేలుకొని ఒక్క మాటా పోనివ్వకుండా వినేవారు. ఇంటికి నడిచేటప్పుడు తిట్టడానికి సరుకు కావాలి కదా.

నాకు పాట అర్థం కాదని నేను ఒకసారి భయపడుతూ చెప్పాను.

"చింతపండు పులుపని నీకెవురన్నా అర్థం చెప్పినారా?" అన్నారు.

"లేదు."

"మరి నోరు ఊరిందా లేదా? అట్లనే ఇది. నోరు మూసుకొని విను."

మా అత్తగారు నన్ను కచేరీకి పంపేది ఆవిడతోనైతేనే. ఇంకెవరితో అడిగినా పంపేవారు కాదు, నేను అడిగేదాన్నీ కాదు. మామగారుంటే నేను గట్టిగా దగ్గను కూడా. శనివారం విన్న పాటలో ఒక ముక్కను తిరగలి రొదలో నాలో నేను అనుకుంటూ మళ్ళీ శనివారం దాకా బతికేదాన్ని. ఇంతకన్నా ఎక్కువ చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

రెండో ఏడు ఒక శనివారం గొప్ప విద్వాంసులు వచ్చారు. పాట మొదలై చాలాసేపయింది. ఒక రాగం నెమ్మదిగా తీస్తున్నారు. హాల్లో కాఫీ మనుషులు కూడా కదలడం లేదు. అప్పుడు డిప్యూటీ కలెక్టరుగారు వచ్చారు. ప్లీడరుగారు లేచి రెండు చేతులూ ఎత్తి పాట ఆపించారు. దండ వేశారు. ఉపన్యాసం మళ్ళీ ఇచ్చారు. తరవాత విద్వాంసులవారితో, "దొరవారు మొదటినుంచీ వినలేదు, దయచేసి మొదటినుంచీ పాడండి" అన్నారు.

తెర చిరుగులోంచి నాకు విద్వాంసులవారి ముఖం కనపడలేదు. కాసేపు తంబురా మాత్రం మోగింది. తరవాత ఆయన మొదటినుంచీ పాడారు. పరాయి ఊరికి వచ్చిన మనిషి, ఏం చేస్తారు. మా పెద్దమనుషులు ఇందాక ఎక్కడెక్కడ తల ఊపారో అక్కడక్కడే మళ్ళీ ఊపారు.

పెద్దత్తగారు లేచి నిలబడ్డారు. "ఒకసారి లేసిన ఇస్తట్లో మళ్ళీ కూసోబెట్టి వడ్డిస్తారా నాయనా? ఆ దొరకు ఆకలైతే ఇంకో ఆకు ఎయ్యండి. లెయ్ కోడలా, పోదాం" అన్నారు. తెర వెనకనుంచి అన్నా హాలంతా వినపడింది. వెనకవరసలో ఎవరో నవ్వారు కూడా.

ఆ వారమే సభ కమిటీ కూర్చుంది. స్త్రీలకు నాదజ్ఞానం లేదనీ, సభామర్యాద తెలియదనీ, ఇకమీదట వాళ్ళను రానివ్వకూడదనీ తేల్చింది. మావారు ఇంటికొచ్చి ఆ మాట చెప్పారు.

"మంచిదాయె. పొయ్యికాడ ఉండేటోళ్ళకు పాటలేంది" అన్నారు మా అత్తగారు.

నేను గిన్నెలు తోముతున్నాను. ఒకటే గిన్నెను తోముతూనే ఉన్నాను. గోడకు అవతల పెద్దత్తగారు అంతా విన్నారు. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వచ్చే విద్వాంసులు చాలామంది మడి ఆచారం ఉన్నవాళ్ళు. తడిబట్ట ఆరేసి, ఎవరినీ తాకకుండా వండిన అన్నమే తింటారు. హోటలు భోజనం ముట్టరు. ఊళ్ళో అంత నిష్ఠగా వండేది పెద్దత్తగారే కనుక వారి భోజనం ఎప్పుడూ ఆవిడ ఇంట్లోనే. సభవారికి ఆ సంగతి గుర్తులేదు. అన్నం దానంతట అదే ఉడుకుతుందని వాళ్ళ నమ్మకం.

తరువాతి శనివారం రైలు ఆలస్యమైంది. విద్వాంసులవారు వచ్చి స్నానం చేసి, సంధ్యవార్చుకొని విస్తరి ముందు కూర్చునేసరికి కచేరీ వేళయింది. ఆయన అరచేతిలో నీళ్ళు తీసుకొని మంత్రం చెప్పి ఔపోశన పట్టారు. ఔపోశన పట్టాక భోజనం ముగిసేదాకా లేవకూడదు. లేస్తే ఆ విస్తట్లో అన్నం ఇక తినకూడదు. అది చిన్నపిల్లలకు కూడా తెలుసు.

నేనూ మడి కట్టుకొని పెద్దత్తగారి వంటింటి గుమ్మంలో సాయానికి ఉన్నాను. ప్లీడరుగారు రొప్పుతూ వచ్చి వాకిట్లో నిలబడ్డారు. ఆ రోజు డిప్యూటీ కలెక్టరుగారు వేళకే వచ్చారు మరి.

"పెద్దమ్మా, విద్వాంసులవారేరి? హాలంతా ఎదురుచూస్తా ఉంది."

"తింటా ఉన్నాడు నాయనా."

"కొంచెం బిరాన..."

"ఔపోశన పట్టినాడు. ఎట్ల లేపేది? పాటనుకుంటివా, నడమ ఆపి మళ్ళీ మొదలుపెట్టేదానికి?"

విద్వాంసులవారు తల వంచుకొనే తింటున్నారు. భుజాలు మాత్రం కదిలాయి. పొలమారిందనుకొని నేను నీళ్ళు ముందుకు జరిపాను. పొలమారడం కాదు, నవ్వు.

"దొరవారు వచ్చి కూర్చున్నారు పెద్దమ్మా."

"కూసోనీ. ఇంకా చారు కాలే, మజ్జిగ కాలే. కోడలా, అప్పడాలు వేయించు."

పొయ్యిలో నిప్పు లేదు. నేను మొదటినుంచీ రాజేశాను. పచ్చికట్టె పొగకు ప్లీడరుగారు కళ్ళు తుడుచుకున్నారు.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" అన్నారు చివరికి.

"నన్నడుగుతావేంది? నేను నాదజ్ఞానం లేనిదాన్ని. అడిగినావు కాబట్టి చెప్తాండా. ఆ తెర ఊడదీయించు. ఆడోళ్ళు హాల్లోనే ఎడమపక్క కూసుంటారు. పాడేవాని మొగం చూసుకుంటా వింటారు. ఇన్నాళ్ళు మీ ఈపులు చూసినాం, చాలు."

"కమిటీని అడగాల."

"అడిగిరాపో. అందాక ఆయన ఇంకో అప్పడం తింటాడు."

ప్లీడరుగారు పంచె ఎగగట్టుకొని పరుగెత్తారు. మజ్జిగ వడ్డించకముందే తెర తీశారని కబురు వచ్చింది. విద్వాంసులవారు చెయ్యి కడుక్కొని తాంబూలం వేసుకొని నడుస్తుంటే వెనక పెద్దత్తగారు, ఆవిడ వెనక నేను, మా వెనక వీధిలో ఆడవాళ్ళు. వరండాలో తెర కట్టిన మేకులు మాత్రం మిగిలాయి.

ఆ రోజు మొదటిసారి పాడే మనిషిని చూశాను. మెడ నరాలు ఉబ్బడం, పై స్వరానికి పోయేముందు కళ్ళు చిన్నవి కావడం, అది అందిన తరవాత నుదుటి చెమటను తుండుతో అద్దుకోవడం. పాట గాలిలోంచి ఊడిపడుతుందనుకునేదాన్ని. బస్తా ఎత్తినంత పని అని అప్పుడు తెలిసింది. పెద్దత్తగారు నిద్రపోలేదు. ఇంటికి నడిచేటప్పుడు తిట్టనూ లేదు.

ఆ మాఘం దాకా, తరవాత నిరుడు కచేరీలన్నిటా మేము అక్కడే కూర్చున్నాం. ఈ ఏడు మొదటి కచేరీకి ముందే ఆవిడ పోయారు.

సంతాప తీర్మానం సంగతి మావారు చెప్పి ఊరుకోలేదు. కాళ్ళు కడుక్కుంటూ, "ఇంకోటి కూడా పాసైంది. ఆడోళ్ళ వైపు మళ్ళీ తెర కడతారంట. పెద్దదిక్కు లేదు కదా, మర్యాదకని" అన్నారు.

"మీరేమన్నారు?" అని అడిగాను.

"నేనేమంటా? అందరూ చేతులెత్తినారు."

"మీరు?"

"ఎత్తినా."

ఆవిడకోసం లేచి నిలబడినవాళ్ళు కూర్చున్న వెంటనే చేసిన పని అది. మధ్యలో కాఫీకి కూడా ఆగలేదు.

శనివారం నేను చీర మార్చుకున్నాను. మా అత్తగారు చూశారు. "మా అక్కే పాయె. ఇంక ఎవురితో పోతావే?" అన్నారు. జడ వేసుకుంటూ నిలబడ్డాను. ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకొని, "పలకరాయి నేల చల్లగుంటది. చాప తీసుకపో" అన్నారు.

ఈసారి కట్టింది గోనెగుడ్డ కాదు. పచ్చని పూల చీటీగుడ్డ తెర, అంచు కుట్టించారు. పెద్దత్తగారి జ్ఞాపకార్థం ఎవరో విరాళం ఇచ్చారట. ఆవిడ వినివుంటే ఏమనేవారో నాకు తెలుసు గాని, అది కాగితం మీద రాసే మాట కాదు.

వరండాలోకి ఆడవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. నా కాళ్ళు కూడా అటే పోబోయాయి. తరవాత ఎట్లా మళ్ళాయో తెలియదు. మగవాళ్ళు వచ్చే తలుపులోంచి లోపలికి పోయి, తెరకు ఇవతల, ఎడమపక్క చాప పరుచుకొని కూర్చున్నాను. తల ఎత్తలేదు.

ప్లీడరుగారి చెప్పులు వచ్చి నా చాప దగ్గర ఆగాయి. "అమ్మా, ఆడవాళ్ళ చోటు అవతల." నేను చాప అంచు గట్టిగా పట్టుకున్నాను. ధైర్యంతో కాదు, భయంతోనే. ఆయన తిరిగి మావారితో, "నువ్వన్నా చెప్పు నాయనా" అన్నారు. మావారు గడియారం చూసుకున్నారట.

అంతలో తంబురా అందుకుంది. డిప్యూటీ కలెక్టరుగారు తలతిప్పి చూశారట, ప్లీడరుగారి చెప్పులు నెమ్మదిగా వెనక్కి పోయాయి. నేను నేలవైపే చూస్తున్నాను. తెర అంచు కొంచెం లేచింది. దాని కిందనుంచి పసుపు రాసిన పాదాలు ఒక జత, వేళ్ళకు మట్టెలతో, ఇవతలికి వచ్చి నా చాప పక్కన ఆగాయి. వాటి వెనక ఇంకో జత.