రాణి వేషం నుంచి మేకపిల్ల పాట దాకా

మా నాన్నకు ఇనుప గనిలో పని దొరకడంతో ఆవపల్లి నుంచి కిరండూల్‌ వచ్చాం. ఇంట్లో మా ఆదివాసుల మాట దోర్లీ, బడిలో హిందీ, కంపెనీ క్వార్టర్స్‌లో ఆంధ్రా తెలుగు. ఇప్పపూలు ఏరుతూ అడవిలో దూరంగా ఉన్నవాళ్లను కేకేసి పిలిచిన గొంతు నాది, సన్నగా ఎలా ఉంటుంది? క్వార్టర్స్‌ వాళ్లు ఏటా దసరాకు పద్యనాటకం వేసేవారు. హార్మోనియం వాయించే మాస్టారు గనిలో ఫోర్‌మన్‌. బడిలో నేను పాడుతుంటే విని, రాణి వేషం వేయమన్నారు.

మేకప్‌ చేసేవాడు నన్ను చూసి నిట్టూర్చి, ముఖానికి గులాబీరంగు దట్టంగా పూశాడు. చేతుల సంగతి మరిచిపోయాడు. తెర లేవగానే గులాబీ ముఖం, నల్లటి చేతులు చూసి జనం పగలబడి నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. మాస్టారు మాత్రం ఏమీ జరగనట్టు శ్రుతి ఇచ్చారు. కళ్లు మూసుకుని పద్యం ఎత్తుకున్నాను. రాగం తీసి ముగించేసరికి “వన్స్‌మోర్‌” అని కేకలు!

మరుసటి ఏడు మాస్టారు మేకప్‌ అతనితో, “రాణి ఎర్రగానే ఉండాలని ఎవరన్నారండీ? అమ్మాయి ముఖం అమ్మాయికే ఉంచండి” అన్నారు. ఆ తరువాత భద్రాచలంలో, విశాఖపట్నంలో ఎందరో రాణులను నా రంగులోనే ఆడాను.

పెళ్లయి, పిల్లలు పెద్దవాళ్లయ్యాక, జగదల్‌పూర్‌లో ఒక టీవీ ఛానల్‌ వాళ్లు పిల్లల కార్యక్రమంలో పాడమని పిలిచారు. మేకపిల్ల మీద చిన్న దోర్లీ పాట. స్టేజీ అలవాటు కొద్దీ గొంతెత్తానో లేదో, ముందు కూర్చున్న పిల్లలు చెవులు మూసుకున్నారు. “మేడమ్‌, థోడా ధీరే! మైక్‌ ఉంది కదా!” అంటూ డైరెక్టర్‌ పరుగెత్తుకొచ్చాడు.

అందరం నవ్వుకుంటుంటే, ఒక చిన్నపిల్ల దగ్గరికొచ్చి నా ముఖం పరీక్షగా చూసింది.

“నీకు పౌడర్‌ రాయలేదు. టీవీలో వస్తవా?”

“నీకూ రాయలేదుగా. నువ్వు రావా?”

తన బుగ్గ తడిమి చూసుకుని, “వస్త” అని నా ఒళ్లోకి ఎక్కి కూర్చుంది. ఒళ్లో పిల్ల ఉంటే గొంతు దానంతటదే తగ్గింది. పాట ఒక్కసారికే ఓకే అయింది.

మళ్లీ ఆవపల్లి చేరిన మా అమ్మ ఆ పాటను ఫోన్‌లో చూసి కంగారుపడింది. “ఏంది బిడ్డా, పానం బాగలేదా? గంత మెల్లగ పాడినవ్‌?”

కిందటి నెల ఆవపల్లి దగ్గరి బీజాపూర్‌ సంతలో పిల్లలు నన్ను గుర్తుపట్టి చుట్టూ మూగారు. పాడమంటారేమో అనుకున్నాను. వాళ్లే పాడి వినిపించారు. మేకపిల్లను తీసేసి పందిపిల్లను పెట్టారు, పాటలో దాన్ని కూరగాయల కొట్టు మీదికి తోలి, గడ్డి బదులు గుమ్మడికాయ తినిపించారు. కూరగాయలమ్మే ఆమె తిడుతూనే నవ్వింది. నా పాట కంటే వాళ్లదే బాగుంది. డైరెక్టర్‌కు అక్కడి నుంచే ఫోన్‌ చేశాను. వచ్చే రికార్డింగ్‌కు పందిపిల్ల పాట ఖాయమైంది.